ఇంట్లోకి వరద నీళ్లొచ్చాయా? నీళ్లు తగ్గాక తొందరపడొద్దు.. మొదటి 48 గంటల్లో ఏది ముందు, ఏది తర్వాత?

వాగు పొంగినప్పుడు ప్రాణాలతో బయటపడటమే పెద్ద పని. నీళ్లు తగ్గాక తిరిగొచ్చి తలుపు తీస్తే.. అంతటా బురద, బోర్లా పడ్డ ఫ్రిజ్, తడిసి ముద్దయిన బట్టలు, ఉబ్బిపోయిన బీరువా చెక్క. ఆ టైంలో ఎవరికైనా అనిపించేది ఒక్కటే.. అన్నీ బయట పడేసి, ఇల్లు కడిగేసి, కరెంట్ వేసుకుందామని. సరిగ్గా అక్కడే రెండో నష్టం మొదలవుతుంది. తడి ఫ్రిజ్ ఆన్ చేస్తే కాలిపోతుంది. ఫొటో తీయకుండా పడేసిన సామాన్లకు పరిహారం అడగడం కష్టమవుతుంది. ఎండలో పడేసిన దస్తావేజులు అట్టల్లా బిగుసుకుపోతాయి. వరద వదిలేసిన వాటిని కూడా మన తొందర పోగొడుతుంది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇది ఏటా వానాకాలం ఉండే భయమే. 2021 జులైలో నిర్మల్ పట్టణంలోని జీఎన్ఆర్ కాలనీ నీట మునిగింది. అదే ఏడాది సెప్టెంబర్ 7న కుండపోత వానకు సిరిసిల్ల వీధులు వాగులయ్యాయి. ఇళ్లతో పాటు మరమగ్గాల షెడ్లలోకీ నీళ్లు చేరి బట్ట తడిసింది. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రావడంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అదే వారం మంథని పట్టణంలోకి నీళ్లొచ్చాయి. మంచిర్యాలలో లోతట్టు కాలనీలు మునిగాయి. ఇప్పుడు పట్టణాల్లో అపార్ట్‌మెంట్ల కింద, షాపుల కింద సెల్లార్లు పెరిగాయి. వాగు దాకా పోనక్కర్లేదు, గంట గట్టి వాన పడి డ్రైనేజీ ఎగదన్నితే చాలు.. ముందు మునిగేది సెల్లారే.

మరి నీళ్లు తగ్గాక ఏ పని ముందు, ఏ పని తర్వాత? వరుసగా చూద్దాం.

లోపలికి అడుగుపెట్టే ముందు

మొదట కరెంట్. మెయిన్ స్విచ్ దాకా తడి లేకుండా వెళ్లగలిగితేనే ఆపాలి. నీళ్లలో నిలబడి, తడి చేతులతో మెయిన్ ముట్టుకోవద్దు. మీటర్ దగ్గర నీళ్లుంటే విద్యుత్ శాఖ టోల్ ఫ్రీ నంబర్ 1912కు ఫోన్ చేసి స్తంభం దగ్గరే లైన్ తీయించాలి. చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆపినా, వీధిలో కరెంట్ లేకపోయినా, ఇన్వర్టర్ లైన్‌లో కరెంట్ ఉంటుంది. దాన్ని కూడా ఆపి, బ్యాటరీ వైర్లు తీయించాలి. అది కూడా ఎలక్ట్రీషియన్‌తోనే.

తర్వాత గ్యాస్. సిలిండర్ నీళ్లలో తేలి పక్కకు పడి ఉంటే పైపు, రెగ్యులేటర్ కదిలి లీకయ్యే ప్రమాదం ఉంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తీసి బయటకు వచ్చేయాలి. 1906కు ఫోన్ చేయాలి. బురద పట్టిన రెగ్యులేటర్, రబ్బర్ పైపు మళ్లీ వాడొద్దు.

మట్టి గోడల ఇళ్లయితే ఇంకో జాగ్రత్త. నానిన గోడ వాన పడుతున్నప్పుడే కాదు, నీళ్లు తగ్గి ఎండ కాస్తున్నప్పుడు కూడా కూలుతుంది. గోడ ఉబ్బినా, పగులు వచ్చినా, దూలం జారినా సామాను కోసం లోపలికి పోవద్దు. వరద నీటితో పాములు, తేళ్లు కూడా ఇళ్లల్లోకి చేరతాయి. అవి దాక్కునేది బట్టల కుప్పల కింద, బీరువా వెనక. చేత్తో కాదు, కర్రతో కదిపి చూడాలి. కాళ్లకు బూట్లు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పుండ్లకు, గీతలకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. వరద తర్వాత రోజుల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్‌కు వరద నీళ్లలో తిరిగిన సంగతి కచ్చితంగా చెప్పాలి.

సెల్లార్‌లో నీళ్లుంటే.. మోటార్ పెట్టే ముందు ఆగండి

సెల్లార్ నిండితే ఎవరైనా వెంటనే డీజిల్ మోటార్ తెచ్చి తోడేద్దామనుకుంటారు. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి.

ఒకటి పొగ. డీజిల్, పెట్రోల్ మోటార్లు, జనరేటర్లు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును వదులుతాయి. దానికి రంగు, వాసన ఉండవు. గాలి ఆడని సెల్లార్‌లో అది నిండితే మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. అందుకే మోటార్, జనరేటర్ ఎప్పుడూ పైన, బయటే ఉండాలి. పైపు మాత్రమే లోపలికి దింపాలి.

రెండోది గోడలు. బయట నేల ఇంకా నీళ్లతో నానే ఉంటే, ఆ నీరు సెల్లార్ గోడల్ని లోపలికి నెడుతుంటుంది. లోపలి నీళ్లు ఆ ఒత్తిడిని కొంత ఆపుతుంటాయి. ఒక్కసారిగా మొత్తం తోడేస్తే గోడలు పగలొచ్చు, నేల పైకి ఉబ్బొచ్చు. చుట్టూ నీళ్లు తగ్గాకే మొదలుపెట్టాలి. లోతు ఎక్కువుంటే రోజుకు మూడో వంతు చొప్పున తోడటం మంచిది. తోడాక మళ్లీ నీళ్లు ఊరుతుంటే బయట ఇంకా తగ్గలేదని అర్థం.

మునిగిన బైక్, కారు ఉంటే తాళం తిప్పొద్దు, కిక్ కొట్టొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయినప్పుడు స్టార్ట్ చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి. చిన్న రిపేర్‌తో పోయేది ఇంజిన్ మార్చేదాకా వస్తుంది. పైగా మునిగిన తర్వాత స్టార్ట్ చేయడం వల్లే ఇంజిన్ చెడిందని బీమా కంపెనీ క్లెయిమ్ నిరాకరించే అవకాశం ఉంది. బ్యాటరీ వైరు తీసి, బండిని తోసుకుంటూ లేదా లాగించి షెడ్డుకు చేర్చాలి.

ఏదీ పడేయకముందు ఫొటోలు

ఇది చాలామంది చేయని పని. చేసినవాళ్లకే తర్వాత పనికొస్తుంది.

బురద కడగకముందే ఫోన్‌లో ఫొటోలు, వీడియో తీయాలి. గోడ మీద నీళ్లు నిలిచిన గీత, దాని పక్కన మనిషి నిలబడితే ఎత్తు తెలుస్తుంది. ప్రతి గది, ప్రతి సామాను తీయాలి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వెనక అంటించి ఉండే సీరియల్ నంబర్ కూడా రావాలి. నీళ్లు నిలిచి ఉన్నప్పుడు తీసిన ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే ఎన్ని రోజులు మునిగిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం, ఇల్లు పూర్తిగా దెబ్బతిన్నా లేదా రెండు రోజులకు మించి తీవ్రంగా నీటిలో మునిగినా కుటుంబానికి బట్టల కోసం 2,500 రూపాయలు, వంట సామాను, ఇంటి వస్తువుల కోసం మరో 2,500 రూపాయలు ఇవ్వొచ్చు. తేదీతో ఉన్న ఫొటోలు ఇలాంటప్పుడు సాక్ష్యం.

రాష్ట్ర ప్రభుత్వాలు ఒక్కోసారి ఇంతకంటే ఎక్కువ ప్రకటిస్తాయి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరదలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన కుటుంబాలకు 25 వేలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయలు ప్రకటించింది. ఇలాంటి సాయానికి సిబ్బంది ఇంటింటికీ తిరిగి రాసుకునే జాబితాయే ఆధారం. సర్వేకు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. అద్దెకుండేవాళ్లు తమ సామాను తమ పేరున రాయించుకోవాలి. ఎవరూ రాకపోతే తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం, ముద్ర ఉన్న కాపీ తెచ్చుకోవాలి.

బీమా సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి. హోమ్ లోన్ తీసుకున్నవాళ్లలో చాలామందికి తమ ఇంటికి బీమా ఉందనే గుర్తుండదు. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' పేరుతో అన్ని సాధారణ బీమా కంపెనీలు ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. ఇందులో వరద నష్టం కవర్ అవుతుంది. ఇంటి కట్టడానికి పాలసీ ఉంటే, ఆ మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల దాకా లోపలి సామానుకూ రక్షణ ఉంటుంది. బ్యాంకును అడిగి పాలసీ కాపీ తీసుకోండి. ముందు కంపెనీకి సమాచారం ఇవ్వండి. సర్వేయర్ చూసేదాకా ఖరీదైన వస్తువుల్ని పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయొద్దు.

గడియారం ఎందుకు ముఖ్యం?

తడి వస్తువుల మీద బూజు పట్టడం 24 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది. మన వానాకాలం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగానే పట్టొచ్చు. అందుకే ముందు చేతిలోకి తీసుకోవాల్సింది బరువైన సామాను కాదు. కాగితాలు, ఫొటోలు, పట్టుబట్టలు. సోఫా రేపు కడిగినా ఫర్వాలేదు. పెళ్లి ఫొటో రేపటికి అతుక్కుపోతుంది.

కాగితాలు, సర్టిఫికెట్లు

తడిసిన కాగితాన్ని విడదీయడానికి లాగొద్దు. కట్టను అలాగే ఎత్తి, కింద ప్లేటో అట్టో పెట్టి తేవాలి. బురద ఉంటే వెడల్పాటి గిన్నెలో శుభ్రమైన నీళ్లు పోసి మెల్లగా ముంచి తీయాలి. సిరా పెన్నుతో రాసినవైతే నీళ్లలో ముంచొద్దు, రాత చెదిరిపోతుంది. తర్వాత పాత నూలు పంచె మీద గానీ, తెల్ల కాగితాల మీద గానీ పరచి నీడలో ఆరబెట్టాలి. న్యూస్ పేపర్ మీద పెడితే దాని అక్షరాలు అంటుకునే ప్రమాదం ఉంది. ఫ్యాన్ గాలి గదిలో తిరగాలి తప్ప కాగితం మీద నేరుగా కొట్టకూడదు. ఎండలో వేయొద్దు, ఇస్త్రీ చేయొద్దు.

కాగితాలు ఎక్కువుండి, ఒక్క రోజులో ఆరబెట్టలేకపోతే ఒక ఉపాయం ఉంది. ప్లాస్టిక్ కవర్లలో విడివిడిగా పెట్టి, మునగని ఇంట్లో బంధువుల ఫ్రిజ్‌లోనో, తెలిసిన ఐస్‌క్రీం షాపు ఫ్రీజర్‌లోనో గడ్డకట్టించాలి. వినడానికి వింతగా ఉన్నా గ్రంథాలయాలు, ఆర్కైవ్స్ వాళ్లు చేసేది ఇదే. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, సిరా పారదు. తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. 1966 నవంబర్‌లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం మునిగినప్పుడు వేలాది పాత పుస్తకాలను పొగాకు ఆరబెట్టే బట్టీలకు తరలించి కాపాడుకున్నారు. కాగితం తడిస్తే పోయినట్టే అనుకోవద్దన్న పాఠం అక్కడి నుంచి ప్రపంచమంతా నేర్చుకుంది.

నిజంగానే పోతే భయపడక్కర్లేదు. ఆధార్ ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజుల సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. పదో తరగతి మెమో పోతే చదివిన స్కూల్ ద్వారా డూప్లికేట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. పట్టాదార్ పాస్‌బుక్ పాడైతే మీసేవలో అడగాలి. భూమి వివరాలు ఇప్పుడు భూభారతి పోర్టల్‌లో ఉంటాయి కాబట్టి పుస్తకం తడిసినంత మాత్రాన హక్కు పోదు.

నోట్ల కట్టలు తడిస్తే

బియ్యం డబ్బాలోనో, బీరువా లాకర్‌లోనో దాచిన నోట్లు తడిసి ముద్దయితే బలవంతంగా విడదీయొద్దు. నీడలో మెల్లగా ఆరనివ్వాలి. మురికిపట్టిన, చిరిగిన నోట్లను ఏ బ్యాంకు బ్రాంచిలోనైనా మార్చుకోవచ్చు. మీకు అక్కడ అకౌంట్ ఉండాల్సిన పని లేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 50 రూపాయలు, అంతకంటే పెద్ద నోటులో అతిపెద్ద ముక్క 80 శాతానికి మించి ఉంటే పూర్తి విలువ ఇస్తారు. 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం విలువ. విడదీయడానికి వీల్లేకుండా అతుక్కుపోయినవి, ముట్టుకుంటే పొడవుతున్నవి మాత్రం బ్రాంచిలో తీసుకోరు. వాటిని హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకు కార్యాలయానికే తీసుకెళ్లాలి.

ఫొటోలు, ఆల్బమ్‌లు

పాత స్టూడియో ఫొటోలు నీళ్లలో కొంతసేపు ఉన్నా తట్టుకుంటాయి. ఒకదానికొకటి అంటుకుని ఆరితేనే పోతాయి. కాబట్టి ఆరకముందే విడదీయాలి. అంటుకుంటే చల్లని శుభ్రమైన నీళ్లలో వేసి ఉంచితే వాటంతట అవే వదులవుతాయి. బొమ్మ ఉన్న వైపు వేలితో రుద్దొద్దు. కడిగాక బొమ్మ పైకి ఉండేలా పరచి ఆరబెట్టాలి. ఫ్రేమ్‌లోని ఫొటో అద్దానికి అంటుకుపోతే లాగొద్దు. అద్దంతో సహా నీళ్లలో పెట్టి వదిలేలా చేయాలి. ఇంట్లో ప్రింటర్‌తో తీసిన కాగితం ఫొటోలు మాత్రం నీళ్లలో రంగు వదులుతాయి, వాటిని తడపొద్దు. ఏ ఫొటో అయినా చేతికి రాగానే ముందు ఫోన్‌తో ఒక కాపీ తీసిపెట్టుకోండి.

బట్టలు, చెక్క, వెండి

వరద నీరు మురుగు కలిసిన నీరే. రోజూ కట్టుకునే నూలు బట్టల్ని బురద పోయేదాకా జాడించి, వేడినీళ్లు, సబ్బుతో ఉతికి ఎండలో వేయాలి. పట్టుచీరలు వేరు. రంగులు ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా తీసి, చల్లటి నీళ్లలో బురద పోయేదాకా ముంచి, పిండకుండా నీడలో ఆరేయాలి. జరీ చీరల్ని మడతపెట్టి వదిలేస్తే మడతల దగ్గర నల్లబడి చిరుగుతాయి.

ఉత్తర తెలంగాణ ఇళ్లల్లో టేకు సామాను ఎక్కువ. టేకు మంచం, తలుపు, టేబుల్ నీళ్లలో మునిగితే పాడవదు. ఎండలో పెడితేనే పగులుతుంది. బురద కడిగి, సొరుగులు తీసి, నీడలో గాలి తగిలేలా రోజుల తరబడి మెల్లగా ఆరనివ్వాలి. ఉబ్బి బిగుసుకున్న సొరుగుల్ని బలంగా లాగొద్దు, వెనక అట్ట విప్పి తీయాలి. ప్లైవుడ్ పొరలు ఊడుతుంటే, పొట్టు చెక్కతో చేసిన రెడీమేడ్ అల్మారా నాని ఉబ్బితే ఇక అది నిలబడదు.

నిర్మల్ కొయ్యబొమ్మలు, చిత్రాల మీద బురదను తుడవొద్దు. తడి గుడ్డతో అద్ది తీయాలి, రంగు లేస్తున్న చోట అసలు ముట్టుకోవద్దు. కరీంనగర్ వెండి తీగ పనిలో సందులు ఎక్కువ. బ్రష్‌తో రుద్దితే తీగలు వంగుతాయి. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బులో ఉంచి జాడించాలి. ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి బొమ్మల్ని కడిగి వెంటనే పూర్తిగా ఆరబెడితే చాలు.

ఫ్రిజ్, టీవీ, మోటార్లు, ఫోన్లు

'ఆరింది కదా, ఒకసారి వేసి చూద్దాం' అనుకోవద్దు. పైన ఆరినా లోపల బురద, తేమ ఉంటాయి. మెకానిక్ విప్పి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, వైండింగ్‌ను మెగ్గర్‌తో చెక్ చేశాకే కరెంట్ ఇవ్వాలి. వాషింగ్ మెషిన్, కూలర్, బోర్ మోటార్లు చాలావరకు బాగవుతాయి. అవసరమైతే రీవైండింగ్‌తో సరిపోతుంది. ఫ్రిజ్ గోడల్లోని ఫోమ్ మురుగు నీరు పీల్చుకుంటే వాసన, బూజు పోవు. మరీ పాతదైతే దాని మీద ఖర్చు పెట్టే ముందు ఆలోచించాలి. మునిగిన స్విచ్ బోర్డులు మార్చేయడమే మేలు.

తడిసిన ఫోన్‌ను ఛార్జింగ్ పెట్టొద్దు. బియ్యంలో పెట్టడం కూడా వద్దు, పిండి, దుమ్ము లోపలికి పోతాయి. కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో పిల్లల ఫొటోలు, షాపు లెక్కలు ఉంటే ఆన్ చేయకుండా నేరుగా రిపేర్ వాళ్లకు ఇవ్వాలి.

మనసు ఒప్పకపోయినా పడేయాల్సినవి

•	వరద నీళ్లు తగిలిన బియ్యం, పప్పులు, పిండి. కడిగి ఆరబెట్టి తినొద్దు.
•	ఎండాకాలంలో పెట్టిన ఆవకాయ జాడీలు. గుడ్డ వాసెన కట్టిన జాడీ మునిగితే నీళ్లు లోపలికి పోయినట్టే. పైన నూనె తేలుతోందని నమ్మొద్దు.
•	మందులు, గోళీలు, టానిక్‌లు. అట్ట తడవకపోయినా అనుమానం ఉంటే వద్దు.
•	దూది పరుపులు, దిండ్లు, ఫోమ్ సోఫాలు. లోపలిదాకా ఆరవు. పల్చటి బొంతల్ని మాత్రం వేడినీళ్లలో ఉతికి వాడుకోవచ్చు.
•	చెక్క గరిటెలు, చపాతీ పీట, పిల్లల పాల సీసాలు. స్టీల్, ఇత్తడి గిన్నెల్ని సబ్బుతో తోమి మరిగే నీళ్లలో వేస్తే సరిపోతుంది.
•	తడిసిన పురుగు మందు డబ్బాలు, సగం కరిగిన ఎరువు బస్తాలను ఇంటి సామానుకు దూరంగా పెట్టి, వ్యవసాయ అధికారిని అడిగి వదిలించుకోవాలి.

వీటికి కూడా ముందు ఫొటో తీయడం మర్చిపోవద్దు.

ఇల్లు కడిగేటప్పుడు ఈ ఒక్క తప్పు వద్దు

మొదట బురద ఎత్తాలి. ఆరి గట్టిపడితే రెట్టింపు కష్టం. తర్వాత సబ్బు నీళ్లు, చివరగా బ్లీచింగ్. బురద మీదే బ్లీచింగ్ చల్లితే దాని బలం అక్కడే అయిపోతుంది. బకెట్ నీళ్లలో రెండు మూడు టేబుల్ స్పూన్ల పౌడర్ కలిపి, పైన తేరిన నీళ్లతో నేల, గోడల కింది భాగం కడిగి కాసేపు ఉంచాలి. టాయిలెట్ కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలపొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదకూ రావొచ్చు. ఇల్లు లోపల పూర్తిగా ఆరకముందే సున్నం, రంగులు వేయించొద్దు. లోపలి తేమ బూజై మళ్లీ బయటకు వస్తుంది.

మునిగిన బావి, సంపు నీళ్లను తోడి, కడిగి, క్లోరినేషన్ చేయించేదాకా తాగొద్దు. ఆ లోపు తాగే నీళ్లు మరిగించాలి లేదా ఆశా కార్యకర్త ఇచ్చే క్లోరిన్ బిళ్లలు వేసుకోవాలి.

వచ్చే వానకు ముందు

వాగు పక్కన, చెరువు కింద, సెల్లార్‌లో సామాను ఉన్నవాళ్లు ఇప్పుడే చేయగలిగిన పనులు మూడు. దస్తావేజులు, సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఒకే బ్యాగులో సజ్జ మీద ఉంచడం. వాటి ఫొటోలు తీసి, వేరే ఊళ్లో ఉండే కొడుక్కో, బిడ్డకో వాట్సాప్‌లో పంపి పెట్టడం. ఇంట్లో ఉన్న సామానును గది గదికీ తిరిగి ఒక వీడియో తీసుకోవడం. నష్టం జరిగాక ఏం ఉండేదో చూపించడానికి ఆ వీడియోనే పనికొస్తుంది. ఈ మూడింటికీ కలిపి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.